కళ్ళు మూయని వాడి సాక్ష్యం

పోయిన శనివారం సాయంత్రం జూమ్ ప్రార్థనలో నేను దొరికిపోయాను. ఇర్వింగ్‌లో ఉన్న మా అమ్మాయి వారానికోసారి నడిపే ఆ ప్రార్థనకి, ఇక్కడ డెట్రాయిట్ దగ్గరి నోవైలో మా భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి పెట్టుకుని నేనూ, చున్నీ తల మీదికి లాక్కుని మా ఆవిడా కూర్చున్నాం. ఎవరో ఒకాయన తన గడిలోంచి తీరిగ్గా ప్రార్థన చేస్తున్నాడు. మిగిలిన గడుల్లో సగం నల్లగా ఉన్నాయి, సగం వంచిన తలలతో ఉన్నాయి. అంత నిశ్శబ్దంలో, మ్యూట్ చేయడం మరిచిపోయిన మా అమ్మాయి ఇంట్లోంచి నాలుగేళ్ళ మనవరాలి గొంతు అందరి ఇళ్ళలోనూ వినపడింది.

"తాతా, యువర్ ఐస్ ఆర్ ఓపెన్. నేను చూసింది."

ప్రార్థన చేస్తున్నాయన ఒక్క క్షణం తడబడి మళ్ళీ అందుకున్నాడు. మా ఆవిడ నవ్వు ఆపుకోలేక చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం సిగ్గు వేయలేదు సరికదా, ఒళ్ళంతా ఒక్కసారిగా వెచ్చబడింది. నా కళ్ళు తెరిచి ఉన్నాయని ఆ పిల్లకి తెలిసిందంటే దాని కళ్ళు కూడా తెరిచే ఉన్నాయన్నమాట. ప్రార్థనలో కళ్ళు తెరిచి ఉంచడం వల్ల మా ఇంట్లో ఒకప్పుడు ఏం జరిగిందో దానికి తెలియదు, ఇంకా చెప్పే వయసూ కాదు. కానీ ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఆగలేనంత ఆత్రం పట్టుకుంది నాకు. అందుకే టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఇది రాయడానికి కూర్చున్నాను.

నా తరం వాళ్ళు, అంటే కాలింగ్ కార్డు వెనక నంబరు గీకి ఇంటికి ఫోన్ చేసిన రోజులు ఎరిగినవాళ్ళు, నా అప్పటి పరిస్థితి ఇట్టే అర్థం చేసుకుంటారు. ఆ కాలంలో ఇక్కడి తెలుగు ఇళ్ళలో మగవాడు ఉద్యోగానికి రావడం, వెనక భార్య రావడం మామూలు. మా ఇంట్లో అది తిరగబడింది. మా ఆవిడ నర్సు. గుంటూరు వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో పని నేర్చుకుని, పరీక్షల మీద పరీక్షలు రాసి, డెట్రాయిట్ దగ్గర ఆసుపత్రిలో ఉద్యోగం సంపాదించుకుని వచ్చింది. ఆమె వెనకాల డిపెండెంటు వీసా మీద వచ్చినవాణ్ణి నేను. ఇంటరుతో ఆగిపోయిన చదువు, నరసరావుపేటలో మందుల కొట్టు కౌంటరు దగ్గర నిలబడ్డ అనుభవం, ఇంతే నా ఆస్తి. పని చేయడానికి చట్టం ఒప్పుకోదు, ఉన్న ఒక్క కారూ ఆమెతో ఆసుపత్రికి పోతుంది, పాపను స్కూలు బస్సు ఎక్కించాక నాకు మిగిలేవి రోజంతా ఖాళీ, రెండు కాళ్ళూ, నడిచి వెళ్ళగలిగిన దూరంలో ఒక పబ్లిక్ లైబ్రరీ.

ఆ లైబ్రరీ తలుపు మొదటిసారి తోసినప్పటి సంతోషం ఇప్పటికీ నా చేతికి తెలుసు. డబ్బు అడగకుండా, నువ్వెవరు, ఏం చదివావు అని అడగకుండా, కరెంటు బిల్లు మీద ఇంటి అడ్రసు చూసి ఒక కార్డు చేతిలో పెట్టి, ఇవన్నీ నీవే తీసుకుపో అన్నట్టుగా బీరువాల వైపు చూపించారు. నేను నమ్మలేక కొంచెంసేపు అక్కడే నిలబడ్డాను. మంచు పడ్డ రోజుల్లో బూట్లలోకి నీళ్ళు దిగకుండా మేజోళ్ళ మీద బ్రెడ్ ప్యాకెట్ల ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని, రోడ్డు పక్కన కాలిబాట కూడా లేని చోట్ల గడ్డి మీద దిగబడుతూ నడిచేవాణ్ణి. చరిత్ర, నక్షత్రాలు, గుండె ఎలా కొట్టుకుంటుంది, మతాలు ఎలా పుట్టాయి, వాదనలో తప్పులు ఎలా పట్టుకోవాలి, ఏది దొరికితే అది, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. అక్కడ సమాచారం బల్ల దగ్గర కూర్చునే తెల్ల జుట్టు ఆవిడ నన్ను చూడగానే చిరునవ్వుతో పెన్సిలు అందుకునేది, ఈ మనిషి ఇవాళ ఏం అడుగుతాడో అని. యూనివర్సిటీ మెట్లు ఎక్కలేదన్న బెంగ నాకు అక్కడే పోయింది. ఈ మాట ఈ వయసులో కూడా కాస్త గర్వంగానే చెప్పుకుంటున్నాను, మన్నించండి.

అంత చదివాక ప్రార్థన మీద నాకు నమ్మకం సడలింది. పుట్టింది క్రైస్తవ కుటుంబంలోనే, పాటలన్నీ కంఠతా వచ్చు, కానీ అడిగింది జరిగితే దేవుడి మహిమ, జరగకపోతే దేవుడి చిత్తం అనే లెక్కలో ఓడిపోయే దారే లేదు గదా, అలాంటి దాన్ని నిజమని ఎలా తేల్చడం అని వాదించేవాణ్ణి. మా ఆవిడ వాదించేది కాదు. శనివారాల్లో మా తెలుగు కుటుంబాలు ఒక్కో ఇంట్లో చేరి చేసుకునే ప్రార్థన కూడికకి నేను రావాల్సిందేనని మాత్రం పట్టుబట్టేది. చివరికి ఒక రాజీకి వచ్చాం. నేను వస్తాను, పాటలు పాడతాను, తల వంచుతాను, కళ్ళు మాత్రం మూయను. అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు నేను ఆ తలల్నీ, ముసుగుల్నీ, తలుపు దగ్గర కుప్పపోసిన చెప్పుల్నీ చూస్తూ కూర్చునేవాణ్ణి.

మా కూడికని నడిపించే పెద్దాయన పాస్టరు కాదు, వారమంతా ఒక కంపెనీలో కారు సీట్లు డిజైన్ చేసే ఇంజనీరు. ఒకసారి భోజనాల దగ్గర ఆయన్ని ఇరికిద్దామని, మీరు సీటు చేశాక క్రాష్ టెస్టు చేస్తారా, ప్రార్థన చేస్తారా అని అడిగాను. ఆయన పప్పు కలుపుకుంటూ, తొణక్కుండా, "రెండూ తమ్ముడూ. ముందు టెస్టు. రిపోర్టు వచ్చేదాకా ప్రార్థన" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నా పక్షాన ఉన్నవాడు ఒకే ఒక్కడు, మా పై అపార్ట్‌మెంట్‌లో ఉండే వరంగల్ తమ్ముడు. కారు కంపెనీలో సాఫ్ట్‌వేరు, అప్పటికింకా పెళ్ళికాలేదు. వాళ్ళింట్లో అందరూ గుడికి వెళ్ళేవాళ్ళే గానీ అతను దేనికీ వెళ్ళడు, మా ఆవిడ వంటకి మాత్రం తప్పకుండా వస్తాడు. మేమిద్దరం టీ తాగుతూ లోకంలో ఉన్న నమ్మకాలన్నిటినీ ఉతికి ఆరేసేవాళ్ళం. "అన్నా, నువ్వు గిన్ని బుక్స్ చదివి మల్ల శనివారం పోయి తాళాలెందుకు కొడ్తున్నవే?" అని అతను ఏడిపించేవాడు. పాటలు బాగుంటాయి అనేవాణ్ణి. అది నిజం కూడా.

ఇలా హాయిగా వాదించుకుంటున్న రోజుల్లో, చలికాలం మొదట్లో, మా పాప మెట్ల మీద కూలబడింది. అప్పటికి దానికి అయిదేళ్ళు. అంతకు ముందు జలుబు చేసి తగ్గింది, కాళ్ళల్లో చీమలు పాకుతున్నాయంది, ఏదో ఆట అనుకున్నాం. రెండు రోజుల్లో నిలబడలేకపోయింది. మా ఆవిడ పాప మోకాలి కింద వేళ్ళతో తట్టి చూసి, కాలు ఎగరకపోయేసరికి మొహం తెల్లబోయి, కారు తాళాలు తీసుకుంది. ఆసుపత్రిలో చెప్పింది ఏమిటంటే, ఒంట్లో జలుబుతో పోరాడవలసిన సైన్యం దారి తప్పి, నరాల మీద ఉండే పొరనే కొరికేస్తోందట. మందు ఎక్కించారు. ఊపిరికి ఇబ్బంది రాకుండానే గండం గడిచింది. చేతుల్లో బలం తిరిగి వచ్చింది. కాళ్ళు మాత్రం రాలేదు. చక్రాల కుర్చీ ఇచ్చి ఇంటికి పంపారు, వ్యాయామం చేయించే అమ్మాయి ఇంటికి వస్తుందన్నారు. చాలామంది పిల్లలు కోలుకుంటారు, కొందరికి నెలలు పడుతుంది, ఏ కొద్దిమందికో పూర్తిగా రాకపోవచ్చు, వేచి చూద్దాం అన్నాడు డాక్టరు.

నేను లైబ్రరీకి పరుగెత్తాను. తెల్ల జుట్టు ఆవిడ ఈసారి నవ్వలేదు. నరాల గురించిన లావుపాటి పుస్తకాలు తనే మోసుకొచ్చి, దొరకని వాటిని వేరే ఊళ్ళ నుంచి తెప్పించి ఇచ్చింది. పొర ఎలా ఊడిపోతుందో, మళ్ళీ ఎలా అల్లుకుంటుందో, తొడల్లో బలం ముందు వస్తుందనీ, పాదాలు అన్నిటికన్నా చివర వస్తాయనీ, అంతా నేర్చుకున్నాను. అంతా తెలిసింది గానీ, నా కూతురు ఆ చాలామందిలో ఉందా, కొద్దిమందిలో ఉందా అన్నది ఏ పుస్తకంలోనూ లేదు. ఆ కొద్దిమంది గురించి రాసిన పేజీ దగ్గరే నా కళ్ళు ఆగిపోయేవి. వ్యాయామం చేయించే అమ్మాయి వారం వారం వచ్చి, పాప తొడ మీద చెయ్యి వేసి, తన్ను బంగారం, నన్ను తన్ను అంటుంది. పాప మొహం ఎర్రబడేదాకా ప్రయత్నిస్తుంది. ఏమీ జరగదు.

అప్పుడు మా ఇంట్లో మా అత్తగారు ఉన్నారు. విజిటర్ వీసా మీద మనవరాలిని చూసిపోదామని వచ్చి, ఇందులో చిక్కుకున్నారు. అయిదో తరగతి చదివిన మనిషి, పల్లెల్లో ఇంటింటికీ తిరిగి ప్రార్థనలు చేసి వచ్చిన మనిషి. పాప కాళ్ళకి నూనె రాస్తూ, నేను పక్కనే పుస్తకం చదువుకుంటుండగా, దేవుడితో ఎదురింటి ఆసామితో మాట్లాడినట్టు మాట్లాడేవారు. బతిమాలినట్టు ఉండేది కాదు, పని ఎందుకు ఆలస్యమైందని మర్యాదగా అడిగినట్టు ఉండేది. నాకు ఒళ్ళు మండేది. ఒక్కోసారి, చెప్పొద్దూ, అసూయ కూడా వేసేది.

ఇక్కడ మా వాళ్ళ ఆనవాయితీ ఒకటి చెప్పాలి. ఏదైనా కష్టం కోసం అందరం కలిసి ప్రార్థించాక, అది తీరితే ఆ ఇంటివాళ్ళు కృతజ్ఞతా కూడిక అని పెట్టి, అందరినీ పిలిచి, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పి, భోజనం పెడతారు. ఉద్యోగం వచ్చినా, ఆపరేషన్ బాగా జరిగినా, గ్రీన్ కార్డు వచ్చినా అంతే. మేలు ముందు, కూడిక తర్వాత. ఇది అందరికీ తెలిసిన వరస.

ఒక శనివారం పొద్దున నేను గుమ్మం ముందు గడ్డకట్టిన మంచు గీకుతుంటే పై ఇంటి తమ్ముడు గబగబా మెట్లు దిగివచ్చి నన్ను కావలించుకున్నాడు.

"కంగ్రాట్స్ అన్నా. పాప నడుస్తున్నదట గదా. నాకెందుకు చెప్పలే?"

"ఎవరు చెప్పారు?"

"పెద్దమ్మ ఫోన్ చేసిందన్నా. ఇయ్యాల పొద్దుగూకక ముందే రమ్మన్నది, థాంక్స్‌గివింగ్ మీటింగ్ అన్నది. పాప కాళ్ళ కోసం అన్నది."

చేతిలో గీకుడు పలక అలాగే పట్టుకుని ఇంట్లోకి పరుగెత్తాను. వంటింట్లో మా అత్తగారు ఉల్లిపాయలు తరుగుతున్నారు. పక్కన ఇంత పెద్ద గిన్నెలో బియ్యం నానుతున్నాయి. నా డైరెక్టరీలోంచి నంబర్లు చూసుకుని కూడిక కుటుంబాలన్నిటికీ ఆవిడే ఫోన్లు చేశారట. పాప నడిచిందని ఎక్కడా అబద్ధం చెప్పలేదు. కృతజ్ఞతా కూడిక అన్నారు, అంతే. వాళ్ళు మాత్రం ఏమనుకుంటారు?

"అత్తయ్యా, పాప ఇంకా నడవలేదు కదా."

"నడవలేదు బాబూ. నాకు తెలీదా ఏంటి, పొద్దున ఎత్తుకుని స్నానం చేయించింది నేనేగా."

"మరి కృతజ్ఞత దేనికి?"

"అడిగేశాంగా. ఇంక ఎన్నాళ్ళు అడుగుతాం, ఆయనకి మాత్రం విసుగు రాదూ? ఇయ్యాల థాంక్స్ చెప్పేద్దాం. మీరెళ్ళి కాసిని పుదీనా తెచ్చిపెట్టండి."

అందరికీ ఫోన్ చేసి రావద్దని చెబుతానన్నాను. ఆవిడ వద్దనలేదు, తరగడం కూడా ఆపలేదు. అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చిన మా ఆవిడ కోటు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి అంతా విన్నది. నర్సు గదా, తల్లికి తగిన మాట చెబుతుందని ఆశపడ్డాను. ఆమె నానుతున్న బియ్యం వైపు చూసి, కళ్ళు తుడుచుకుని, "రానివ్వండి. ఇంతమంది మన ఇంటికి వచ్చి ఎన్ని రోజులైంది" అన్నది. నేను పుదీనాకి వెళ్ళాను.

వచ్చారు. పూలు పట్టుకుని, స్వీట్ల డబ్బాలు పట్టుకుని, నవ్వుకుంటూ తలుపు తోసి లోపలికి వచ్చి, చక్రాల కుర్చీ చూసి ఒక్కొక్కరే మాట ఆగిపోయి నిలబడ్డారు. ఆ ఆగిపోవడం ఒక్కొక్కరి మొహంలోనూ చూడవలసి రావడం నాకు నరకం. కొందరు నా వైపు ఇదేమిటన్నట్టు చూశారు. మా అత్తగారు మాత్రం అందర్నీ, రండమ్మా, కూర్చోండయ్యా అంటూ పరిచిన దుప్పట్ల మీద సర్దుతున్నారు. కారు సీట్ల పెద్దాయన పరిస్థితి అర్థం చేసుకుని, కంజీర చేతిలోకి తీసుకున్నాడు.

అందరికన్నా ఆఖరున పై ఇంటి తమ్ముడు వచ్చాడు, చేతిలో చెప్పుల పెట్టెతో. లోపలికి అడుగు పెట్టి పాపని చూడగానే పెట్టె వీపు వెనక్కి పోయింది. కానీ పిల్లల కళ్ళ నుంచి ఏది దాచగలం?

"అంకుల్, వాట్ ఈజ్ దట్?"

"ఏం లేదు బేటా. రిటర్న్ చేసేది ఉండే."

"షూసా? లైట్స్ ఉన్నాయా?"

ఉన్నాయి. ఆ రోజుల్లో పిల్లలందరూ ప్రాణం పెట్టిన బూట్లవి, మడమ నేలకి తగిలినప్పుడల్లా వెనక ఎర్రటి దీపం తళుక్కుమనేవి. తగలకపోతే వెలగవు. నడిచే పిల్ల అనుకుని తెచ్చాడు పాపం. అతని మొహం చూస్తే నాకు అతని మీదే జాలి వేసింది. పాప ఇప్పుడే వేసుకుంటానని పట్టుపట్టింది. ఇంట్లో బూట్లేమిటని నేను సణుగుతుంటే, మా అత్తగారు, కొత్తవేగా బాబూ, నేల ఎరగనివి, అని పాపని సోఫా అంచున దిండ్ల మధ్య కూర్చోబెట్టి, ఆ కదలని పాదాలకి బూట్లు తొడిగి తాళ్ళు కట్టారు. కాళ్ళు కిందికి వేలాడుతున్నాయి. ఎర్ర దీపాలు ఆరిపోయి ఉన్నాయి. తమ్ముడు వెళ్ళిపోలేక, కూర్చోలేక, నా పక్కన దుప్పటి మీద చతికిలబడ్డాడు.

పాటలు పాడాం. తర్వాత పెద్దాయన ప్రార్థన మొదలుపెట్టాడు. ఆయన ప్రార్థనలు మామూలుగానే పొడుగు, ఆ వేళ ఆయనకీ ఏం అనాలో తెలియక ఇంకా పొడుగయింది. మేలు జరిగిందని చెప్పలేడు, జరగలేదని చెప్పలేడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. మర్యాద కోసం తమ్ముడు కూడా మూసుకున్నాడు. ఆ గది మొత్తంలో కళ్ళు తెరిచి ఉన్నది నేనొక్కణ్ణే అనుకున్నాను. తల వంచుకుని, ఎదురుగా వేలాడుతున్న ఆ కొత్త బూట్ల వైపు చూస్తూ, ఏ పుస్తకమూ నేర్పని ఒక మాట లోపల అనుకున్నాను. ప్రార్థన అనండి, ఏదన్నా అనండి. వాదనలు చేసే నోరు కాదు అది, తండ్రి నోరు.

ఎర్ర దీపం తళుక్కుమంది.

సోఫాని ఎవరన్నా తన్నారేమో అనుకుని చుట్టూ చూశాను. ఎవరూ కదల్లేదు. తల ఎత్తి చూస్తే పాప కళ్ళు కూడా తెరిచే ఉన్నాయి, అది తన బూటు వైపే చూస్తోంది, కింది పెదవి పళ్ళ మధ్య బిగబట్టి. వేలాడుతున్న కుడి కాలు ఇంత, మీ చిటికెన వేలంత, ముందుకు లేచి, మళ్ళీ వెనక్కి పడింది. మడమ సోఫా కింది చెక్కకి తగిలింది. ఎర్ర దీపం. అప్పుడు అది నా వైపు చూసింది. నేను దాని వైపు చూశాను. తండ్రీ కూతుళ్ళం ఇద్దరం, ఆ వంచిన తలల మీదుగా, ప్రార్థనలో కళ్ళు మూయని ఇద్దరు దొంగలం, ఊపిరి బిగబట్టి ఒకరినొకరం చూసుకుంటూ ఉండిపోయాం. పెద్దాయన ప్రార్థన ఇంకా సాగుతూనే ఉంది. దానికి అడ్డం వెళ్ళే ధైర్యం నాకు లేదు, గుండె మాత్రం కంజీరలా మోగుతోంది.

ఆమేన్ అనగానే లేచి నిలబడ్డాను. సాక్ష్యం చెప్పవలసిన సమయం అది. అంతకు ముందు ఎన్నడూ సాక్ష్యం చెప్పనివాణ్ణి లేవడం చూసి మా ఆవిడ బిత్తరపోయింది. ఏం మాట్లాడానో సరిగ్గా గుర్తులేదు. కాలు కదిలింది, దీపం వెలిగింది, నేను చూశాను, అంటూ అవే మూడు మాటలు తిప్పి తిప్పి చెప్పాను. గదిలో హల్లెలూయాలు మోగాయి. అందరూ పాప చుట్టూ మూగారు. చూపించమ్మా, చూపించు తల్లీ అన్నారు. పాప అన్ని కళ్ళ మధ్య బిగుసుకుపోయింది. మొహం ఎర్రబడింది. కాలు కదల్లేదు. బూటు చీకటిగానే ఉంది.

ఆ నిమిషాన్ని నేను ఎన్నటికీ మరవను. ఎన్నాళ్ళుగానో రుజువు ఏది, రుజువు ఏది అని ప్రతివాణ్ణీ నిలదీసినవాణ్ణి, చేతిలో ఏ రుజువూ లేకుండా నా మాట ఒక్కటే పట్టుకుని నిలబడ్డాను. నమ్మేవాళ్ళు నమ్మేశారు, వాళ్ళకి నా మాట చాలు. మా అత్తగారైతే బిర్యానీ మూత తీయడానికి అప్పుడే వంటింట్లోకి వెళ్ళిపోయారు. మా ఆవిడ మాత్రం నర్సు చూపుతో, భార్య చూపుతో, రెండు చూపులతో నన్ను వెతుకుతోంది. తమ్ముడు నా మోచెయ్యి పట్టుకుని మెల్లగా అన్నాడు.

"నిజం చెప్పన్నా. చూసినవా, చూడాలనుకున్నవా?"

సరిగ్గా నేను అడిగే ప్రశ్నే అది. నేను నేర్పిన ప్రశ్నే.

"చూశాన్రా. రెండుసార్లు."

అతను కూడా ఇంజనీరు గదా. "ఐతే సేమ్ కండిషన్స్ పెడదాం" అని, పెద్దాయన దగ్గరికి వెళ్ళి, సార్, ఇంకో చిన్న ప్రార్థన చేస్తారా, అందరూ కళ్ళు మూసుకునేది, అని అడిగాడు. పెద్దాయన అతని వైపు చూసి, నా వైపు చూసి, పెదవుల చివర నవ్వాడు. "టెస్టు పెడుతున్నావన్నమాట" అని, అందర్నీ మళ్ళీ కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, పాప కోసం కాదు, ఈ రాత్రి మంచులో డ్రైవ్ చేసి ఇళ్ళకు పోయేవాళ్ళందరి క్షేమం కోసం ప్రార్థన మొదలుపెట్టాడు. పాప సంగతి ఎత్తనే లేదు. పిల్ల మీద నుంచి అందరి చూపూ, అందరి మాటా కూడా తప్పించాడన్నమాట. ఆ తెలివికి నేను ఈనాటికీ నమస్కరిస్తాను.

ఈసారి తెరిచిన కళ్ళు మూడు జతలు. నావి, తమ్ముడివి, పాపవి. పాప తలుపు వైపు చూసింది, కిటికీ వైపు చూసింది, ఎవరూ చూడటం లేదని నిశ్చయించుకుని తన కుడి బూటు వైపు చూసింది. పెదవి బిగబట్టింది.

వెలిగింది. మళ్ళీ వెలిగింది. మళ్ళీ.

నా మోచెయ్యి మీద తమ్ముడి చెయ్యి బిగుసుకుంది. అతని చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. అతనికి తెలిసినట్టు లేదు. ఆమేన్ అన్నారు. అప్పుడు అతను లేచి, "వదినా, నేను గూడ చూసిన" అన్నాడు. మా ఆవిడ అలాగే నేల మీద కూర్చుండిపోయి, చేతుల్లో మొహం దాచుకుని, ఇన్నాళ్ళూ ఆసుపత్రిలో గానీ ఇంట్లో గానీ ఏడవని ఏడుపంతా ఏడ్చింది.

సోమవారం వ్యాయామం అమ్మాయి వచ్చి, తొడ మీద చెయ్యి వేసి, తన్ను బంగారం అన్నది. తన్నింది. మంచు కరిగి గడ్డి కనపడే రోజులకి గోడ పట్టుకుని నిలబడింది, స్కూళ్ళు మూసే రోజులకి బస్సు దాకా నడిచింది. అప్పటికి ఆ బూట్లలో బ్యాటరీలు అయిపోయాయి, దీపాలు వెలగడం మానేశాయి. పాప కూడా పట్టించుకోలేదు.

ఇదంతా ఎలా జరిగిందో నేను చెప్పగలను. నరాల పొర తనంతట తాను అల్లుకుంది, తొడల్లో బలం ముందు వచ్చింది, పుస్తకంలో ఉన్నట్టే. బూటు దీపం వెలిగించాలన్న ఆశ పాపతో వ్యాయామం చేయించింది, పిల్లల మనసు గురించిన పుస్తకంలో ఉన్నట్టే. తమ్ముడు చాలాకాలం దాన్ని షూ పవర్ అని ఎగతాళి చేస్తూనే ఉన్నాడు. కానీ ఆ బూట్లు మా గదిలోకి ఎలా వచ్చాయి? మా అత్తగారు ఇంకా జరగని దానికి కృతజ్ఞత చెప్పబట్టి. అంతమంది ఒక గదిలో ఒక పిల్ల మీది చూపును తప్పించి తలలు వంచుకుని ఎందుకు కూర్చున్నారు? ప్రార్థన చేయబట్టి. ఆ రోజు నుంచి ప్రార్థన పనిచేస్తుందా అని నేను ఎవరితోనూ వాదించలేదు. ఏ నరం ఏ దారిలో బాగవుతుందో తెలుసుకున్నంత సంతోషంగా, ఆ దారి ఎవరు వేశారో ఆయనకి థాంక్స్ చెప్పుకుంటాను. లైబ్రరీ కార్డు ఇంకా నా పర్సులోనే ఉంది. రెండూ ఒకే జేబులో ఇమిడాయి.

మా అత్తగారు ఇప్పుడు లేరు. ఒక్క విషయం మాత్రం నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. ఆ సాయంత్రం దీపం వెలగడం ఆవిడ ఒక్కసారి కూడా చూడలేదు. మొదటిసారి కళ్ళు మూసుకుని ఉన్నారు, రెండోసారి వంటింట్లో ఉన్నారు. ఎలా వెలిగిందో చెప్పమని నన్నెప్పుడూ అడగలేదు. నేను చెప్పబోతే, మీరు చూశారుగా బాబూ, చాలు, అనేవారు. తమ్ముడు ఇప్పుడు దూరంగా క్యారీ అనే ఊళ్ళో ఉన్నాడు, ఇద్దరు పిల్లలు, ఇప్పటికీ దేనికీ వెళ్ళడు. ఇంట్లో ఎవరికన్నా ఒంట్లో బాగా లేకపోతే మాత్రం, డాక్టరు దగ్గరి నుంచి బయటికి రాగానే నాకు ఫోన్ చేస్తాడు.

"అన్నా, జర ప్రార్థన చెయ్యే. నీ లెక్కనే చెయ్, కళ్ళు తెర్సి."

ఇప్పుడు కూడికలు పెద్దవయ్యాయి. హాలు అద్దెకి తీసుకుంటారు, పాటల మాటలు తెర మీద వస్తాయి, దూరంగా ఉన్నవాళ్ళు జూమ్‌లో కలుస్తారు. మంచులో డ్రైవ్ చేయనక్కర్లేదు, చెప్పుల కుప్ప లేదు, బిర్యానీ ఎవరింట్లో వాళ్ళు తింటారు. మంచిదే, లేకపోతే ఇర్వింగ్‌లో ఉన్న కూతురితో కలిసి నేను ఎలా ప్రార్థించగలను? కానీ మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్న ఆ గది లేదు. ఎవరి గొంతు ఎక్కడ వణికిందో, ఎవరి చెయ్యి ఎవరి మోచెయ్యి పట్టుకుందో ఈ గడుల్లో తెలియదు. సగం గడులు నల్లగా ఉంటాయి. ఆ నలుపు వెనక ఎవరు ఏ కష్టంతో కూర్చున్నారో, ఏ ఇంట్లో ఏ చిన్న కాలు కదలబోతోందో చూసేవాళ్ళు ఎవరు?

అందుకే నేను కళ్ళు మూయను. పోయిన శనివారం కూడా, మనవరాలు నన్ను పట్టుకున్నాక, మా అమ్మాయి మ్యూట్ నొక్కేసింది గానీ వీడియో ఆపలేదు. ఆ చిన్న గడిలోంచి ఆ పిల్ల నన్నే చూస్తోంది. దాని వెనక మా అమ్మాయి తన రెండు కాళ్ళ మీద నిలబడి, కళ్ళు గట్టిగా మూసుకుని, పెదవులు కదుపుతూ ప్రార్థిస్తోంది. నేను మనవరాలికి కన్ను గీటాను. అది రెండు కళ్ళూ ఒకేసారి గట్టిగా మూసి తెరిచింది, ఇంకా ఒక్క కన్ను గీటడం రాదు దానికి.